పాప నిజంగానే అడిగింది, మేం నవ్వేశాం. ఇప్పుడు ప్రతిదానికీ ముందు "నవ్వవు కదా?" అంటోంది

ఇద్దరు పిల్లల అమ్మ (ప్రశ్న)

మా పెద్దదానికి నాలుగేళ్ల మూడు నెలలు. చిన్నోడికి రెండేళ్లు నిండడానికి ఇంకో నెల ఉంది. పోయిన వారం ఇంట్లో జరిగిన ఒక చిన్న విషయం నా మనసులోంచి పోవడం లేదు. మీలో ఎవరికైనా ఇలాంటిది ఎదురైందా, అప్పుడు మీరేం చేశారో చెప్పండి.

ఆ రోజు మా ఆయన ఇంటికి రావడం ఆలస్యమైంది. "నాన్న ఎప్పుడొస్తాడు?" అని పాప పదోసారి అడిగేసరికి, "నాన్నకి నెత్తి మీద బోలెడు పనుందమ్మా, అది అయ్యాక వస్తాడు" అన్నాను. ఇంకేం అడగలేదు. అర్థమైందనుకున్నాను. తొమ్మిదింటికి తలుపు చప్పుడైంది. పాప వాళ్ల నాన్నని చెప్పులు కూడా విప్పుకోనివ్వలేదు. స్టూల్ లాక్కొచ్చి, ఎక్కి, ఆయన జుట్టులో వేళ్లు పెట్టి వెతికింది. మెడ వెనక కూడా వంగి చూసింది. తర్వాత చాలా కంగారుగా, "పని ఏది నాన్నా? దారిలో పడిపోయిందా?" అంది.

ఇంట్లో మా అత్తయ్య, మామయ్య, మరిది కూడా ఉన్నారు. అందరం ఒక్కసారిగా నవ్వేశాం. నేనైతే నవ్వు ఆగక గోడకి ఆనుకున్నాను. మరిది ఫోన్ తీసి "మళ్ళీ అడుగు, మళ్ళీ ఒక్కసారి అడుగు" అంటున్నాడు. పాప మా మొహాలు ఒక్కొక్కటే చూసింది. స్టూల్ దిగింది. కర్టెన్ వెనక్కి వెళ్లి నిలబడింది. కింద పాదాలు రెండూ కనిపిస్తున్నాయి. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి లోపల్నుంచే, "నేను జోక్ చెప్పలేదు. నిజంగా అడిగాను" అంది.

అప్పట్నుంచి ఏది అడగాలన్నా ముందు "నవ్వవు కదా?" అంటోంది. నిన్న రాత్రి లైటు తీసేశాక, చీకట్లో నా మొహం కూడా కనిపించనప్పుడు, అదే అడిగింది. నవ్వనమ్మా అన్నాను. కాసేపాగి "ఏం లేదులే" అని అటు తిరిగి పడుకుంది. ఏం అడగాలనుకుందో నాకిప్పటికీ తెలియదు.

నేను వీళ్ల మాటలు ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటాను. అందులో 60 పేజీలు నిండాయి. పాప "చెయ్యిలు కడుక్కున్నా" అంటుంది. "నాకు రెండు తాతయ్యలు" అంటుంది. "రేపు నేను మెట్ల మీద పడిపోయాను కదా, అప్పుడు ఏడవలేదు కదా" అని అడుగుతుంది. ఫోన్లో వాళ్ల అమ్మమ్మ "పన్ను ఊగుతోందా?" అని అడిగితే ఫోన్‌కి నోరు తెరిచి చూపిస్తుంది, అది వీడియో కాల్ కాకపోయినా. చిన్నోడు నా గుప్పెట్లో పట్టే బొమ్మ కారు తలుపు తీసి అందులో కాలు పెడతాడు. పట్టకపోతే కారు మీద కోపం వచ్చి ఏడుస్తాడు. ఒక్కసారి కాదు, రోజూ. మొన్న కాలు మార్చి ప్రయత్నించాడు.

ఇవన్నీ నాకు ప్రాణం. పిల్లలు పుట్టాక నిద్ర తగ్గింది, పని పెరిగింది, కానీ ఇంత నవ్వు మాత్రం అంతకుముందు లేదు. ఆ నవ్వే పాపని బాధపెట్టిందంటే ఏం చేయాలో తెలియడం లేదు. నవ్వు వచ్చినా బిగబట్టుకోవాలా? వీడియోలు, ఫ్యామిలీ గ్రూపులో పెట్టడాలు మానేయాలా? నోట్‌బుక్ కూడా తప్పేనా? నాకు నిజంగా టెన్షన్‌గా ఉంది.

కవలల నాన్న

అక్కా, మీ పాప చీకట్లో "ఏం లేదులే" అన్న చోట నేను చదవడం ఆపేసి మా వాళ్ల గదిలోకి వెళ్లి చూసొచ్చాను.

మావాళ్లు మూడున్నరేళ్ల మగ కవలలు. పుట్టింది ఒకే రోజు, పెరిగింది ఒకే ఇంట్లో, అయినా నవ్వు దగ్గర ఇద్దరూ రెండు దారులు. ఒకడు ఎవరైనా నవ్వితే అదే పని 20 సార్లు చేస్తాడు. రెండోవాడు నవ్వు వినగానే చెవులు మూసుకుంటాడు. వాడి కోసం నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను: ముందు జవాబు, తర్వాత నవ్వు.

ఒక ఆదివారం స్నానాలకి పిలిస్తే ఇంకా ఆడుకుంటామన్నారు. సరే, ఒక గంట ఆడుకోండి అన్నాను. రెండోవాడు బొమ్మ కింద పడేసి ఏడుపు మొదలుపెట్టాడు. "ఒకటి వద్దు! నాకు ఐదు నిమిషాలు కావాలి! ఐదు!" అని ఐదు వేళ్లూ నా మొహం ముందు పెట్టాడు. నాకు నవ్వు గొంతు దాకా వచ్చింది. కానీ వాడి కళ్లల్లో నీళ్లున్నాయి. వాడి లెక్క ప్రకారం నేను వాడికి అన్యాయం చేస్తున్నాను. కింద కూర్చుని "ఐదు ఒకటి కన్నా పెద్దదే, నువ్వు చెప్పింది కరెక్టే" అన్నాను. అప్పుడు ఏడుపు ఆగింది. బాత్రూంలోకి తీసుకెళ్లి, ఒక బకెట్ నీళ్లు, పక్కన ఐదు చెంచాల నీళ్లు పోసి చూపించాను. ఏవి ఎక్కువ? బకెట్ అన్నాడు. గంట బకెట్ లాంటిది నాన్నా, నిమిషం చెంచా లాంటిది అన్నాను. చాలాసేపు ఆలోచించి, "అయితే ఐదు బకెట్లు ఇవ్వు" అన్నాడు.

వాడికి ఏదో ఒకటి సర్దిచెప్పి, బాల్కనీలోకి వెళ్లి తలుపేసుకుని నవ్వాను. ఆ నవ్వు మంచి నవ్వు. దానివల్ల ఎవరికీ నష్టం లేదు.

మీ మరిదిగారి "మళ్ళీ అడుగు" మాత్రం నాకు కష్టంగా అనిపించింది. ఆయన ప్రేమగానే అన్నారని తెలుసు. కానీ పిల్ల జవాబు కోసం ఎదురుచూస్తోంది, ఇక్కడ ఎవరూ జవాబు చెప్పలేదు. మీరు రాసినదంతా చదివాను, పని ఎక్కడుందో ఆ రోజు పాపకి ఎవరైనా చెప్పారా?

చిన్నపిల్లల టీచర్, 22 ఏళ్లుగా

పైన ఆయన అడిగింది సరైన ప్రశ్న. నేను "మళ్ళీ అడుగు" అన్న మాట గురించే రాస్తాను, ఎందుకంటే అది నా తరగతిలో రోజూ చూస్తాను.

జీన్ పియాజే అనే స్విస్ శాస్త్రవేత్త యువకుడిగా ఉన్నప్పుడు పారిస్‌లో పిల్లలకి తెలివితేటల పరీక్షలు పెట్టే పని చేశారు. ఎన్ని సరైన జవాబులు వచ్చాయన్నది లెక్కపెట్టడమే అక్కడ పని. ఆయన మనసు మాత్రం తప్పు జవాబుల మీదికి పోయింది. ఒకే వయసు పిల్లలు ఒకే రకంగా తప్పు చెబుతున్నారంటే ఆ తప్పు వెనక ఏదో ఆలోచన ఉండాలి కదా. ఆయన జీవితమంతా చేసిన పనికి మొదలు అదే. తర్వాత చేసిన పరీక్షల్లో ఒకటి చాలామందికి తెలుసు. రెండు వరసల్లో సమానంగా బిళ్లలు పెట్టి, ఏ వరసలో ఎక్కువ ఉన్నాయని అడుగుతారు. రెండూ సమానమే అంటారు పిల్లలు. ఒక వరసని కొంచెం దూరందూరంగా జరిపి మళ్ళీ అదే అడుగుతారు. చిన్నపిల్లలు చాలామంది పొడుగు వరసలోనే ఎక్కువున్నాయంటారు.

1974లో సుసాన్ రోజ్, మారియన్ బ్లాంక్ అనే ఇద్దరు పరిశోధకులు చిన్న మార్పు చేసి చూశారు. మొదట అడగడం మానేసి, జరిపిన తర్వాత మాత్రమే ఒకే ఒక్కసారి అడిగారు. తప్పులు తగ్గాయి. అంటే, పెద్దవాళ్లు అదే ప్రశ్న రెండోసారి అడిగితే, "నేను మొదట చెప్పింది తప్పన్నమాట" అని పిల్లలు అనుకునే అవకాశం ఉంది.

ఇప్పుడు మీ పాప వైపు నుంచి ఆ సాయంత్రాన్ని చూడండి. మంచి ప్రశ్న అడిగింది. జవాబు రాలేదు. ఐదుగురు నవ్వారు. ఒకరు మళ్ళీ అడగమన్నారు. తన ప్రశ్నలో ఏదో తప్పుందని నాలుగేళ్ల పిల్ల అనుకోక ఇంకేమనుకుంటుంది?

నా తరగతిలో పిల్లలు ఏదైనా అన్నప్పుడు నేను "అలా ఎందుకనుకున్నావ్?" అని అడుగుతాను. అదీ మామూలు గొంతుతో, వాళ్ల ఎత్తుకి వంగి. ఒక పాప గోడ గడియారం మీద దుప్పటి కప్పాలని పట్టుబట్టింది. ఎందుకమ్మా అంటే, "దాని చేతులు తిరిగి తిరిగి అలిసిపోయాయి" అంది. అడిగి ఉండకపోతే నేను దాన్ని అల్లరి కింద లెక్కేసేదాన్ని.

61 ఏళ్ల అమ్మమ్మ

అమ్మాయ్, నేను కొంచెం వేరే మాట చెబుతాను, ఏమనుకోకు. నవ్వకుండా పిల్లల్ని పెంచాలని చూడకు. మొహం బిగించుకు కూర్చున్న అమ్మ కూడా పిల్లలకి భయమే. నవ్వు ఎప్పుడన్నదే చూసుకోవాలి.

మా అబ్బాయికి ఐదేళ్లప్పుడు మిట్టమధ్యాహ్నం ఎండలో గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. గొడుగు తన మీద లేదు, పక్కకి వంచి నేల మీద పడుతున్న తన నీడకి పట్టాడు. పొద్దున పొడుగ్గా ఉన్న నీడ ఎండకి కుంచించుకుపోయిందట, పాపం కాలుతోందట. గొడుగు అటు వంచేసరికి ఆ గొడుగు నీడలో వాడి నీడ కలిసిపోయింది. "అమ్మా, లోపలికి పోయి పడుకుంది!" అని వాడే ఎగిరి గంతేసి నవ్వాడు. వాడితో పాటు మేమంతా నవ్వాం. ఇప్పుడు వాడికి 36. వాడి కూతురికి ఈ కథ వాడే చెబుతాడు, నన్ను చెప్పనివ్వడు కూడా.

ఇంకొకటుంది. వాడికి ఆరేళ్లప్పుడు మా కుక్కపిల్ల చచ్చిపోయింది. వాడు దానికి ఉత్తరం రాశాడు. "ఎప్పుడు వస్తావు, నీ గిన్నె కడిగి పెట్టాను" అని, ఒత్తులూ దీర్ఘాలూ అన్నీ తప్పులతో. ఆ తప్పులు ముద్దొచ్చి నేను ఇంటికొచ్చినవాళ్ల ముందు చదివి వినిపించాను. అందరూ నవ్వారు. వాడు ఏమీ అనలేదు. నేనూ మర్చిపోయాను. వాడికి ముప్పై ఏళ్లు దాటాక ఒకరోజు ఏదో మాటల్లో, "ఆ ఉత్తరం నువ్వు చదవకుండా ఉండాల్సిందమ్మా" అన్నాడు. పాతికేళ్లు దాన్ని లోపల పెట్టుకున్నాడు. నేను అప్పుడు క్షమించమని అడిగాను. ఆరేళ్లప్పుడే అడిగి ఉంటే ఎంత బాగుండేది.

నువ్వు అదృష్టవంతురాలివి. మీ పాప కర్టెన్ వెనకనుంచైనా ఆ రోజే చెప్పేసింది. వెళ్లి క్షమించమని అడుగు. మీ అత్తగారిని, మరిదిని కూడా అడగమను. పెద్దవాళ్లు చిన్నపిల్లకి సారీ చెబితే చిన్నబోరు. నోట్‌బుక్ మాత్రం ఆపకు. నేను ఏదీ రాయలేదు. మా అమ్మాయి చిన్నప్పటి మాటలు గుర్తు తెచ్చుకుందామంటే నాకు నాలుగో ఐదో మిగిలాయి, అంతే.

స్పీచ్ థెరపిస్ట్, ఒక పాప తల్లి

నోట్‌బుక్ గురించి అమ్మమ్మగారి మాటే నాది కూడా. చార్లెస్ డార్విన్ 1839లో పుట్టిన తన మొదటి బిడ్డ గురించి ఇలాగే రాసుకున్నారు. ఆ కాగితాల ఆధారంగా 1877లో ఒక వ్యాసం ప్రచురించారు. బిడ్డ ఎప్పుడు కోపం చూపించాడు, ఎప్పుడు భయపడ్డాడు, ఎప్పుడు నవ్వాడు, అన్నీ. మీ 60 పేజీలు అలాంటి పనే. జోకుల పుస్తకమని మాత్రం దాన్ని అనుకోకండి.

మీ పాప "చెయ్యిలు" నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. ఇంట్లో ఎవరైనా చెయ్యిలు అంటారా? అనరు. అంటే అది విని నేర్చుకున్న మాట కాదు, తనే తయారుచేసింది. బొమ్మ బొమ్మలు, పువ్వు పువ్వులు, కాబట్టి చెయ్యి చెయ్యిలు. మన భాషలో ఒకటి కన్నా ఎక్కువైతే "లు" చేరుతుందని ఎవరూ చెప్పకుండానే కనిపెట్టేసింది. చెయ్యి చేతులు అవుతుందని, ఇల్లు ఇళ్లు అవుతుందని తర్వాత తెలుస్తుంది. 1958లో జీన్ బెర్కో అనే ఆవిడ ఇంగ్లీషు మాట్లాడే పిల్లలకి ఒక వింత జంతువు బొమ్మ చూపించి, ఇది "వగ్" అన్నారు. అప్పటిదాకా లోకంలో లేని మాట అది. రెండు బొమ్మలు చూపిస్తే పిల్లలు "వగ్స్" అన్నారు. ఎక్కడా విననిది! మీ పాప స్టూల్ ఎక్కకుండానే ఆ పని చేస్తోంది.

"రెండు తాతయ్యలు" కూడా అలాంటిదే. మనుషుల్ని లెక్కపెట్టడానికి వేరే మాటలు పెట్టుకున్నది మనం. రెండు బొమ్మలైనప్పుడు రెండు తాతయ్యలు ఎందుకు కాదు? "రేపు పడిపోయాను" అన్నప్పుడు, చెబుతున్నది ఇవాళ్టి సంగతి కాదని తనకి తెలుసు. అటా ఇటా అన్నదే ఇంకా కుదరలేదు. తప్పు అని ఆపకండి. "అవును, నిన్న పడిపోయావు, ఏడవలేదు" అని మామూలుగా అనేయండి చాలు.

మీ చిన్నోడి కారు సంగతి చదివి మా ఆయన్ని పిలిచి చూపించాను. 2004లో జూడీ డిలోష్, ఆమెతో పాటు పనిచేసినవాళ్లు ఇదే విషయం మీద పరిశోధన ప్రచురించారు. ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ల పిల్లలు నిజంగానే బుల్లి కారులో ఎక్కాలని, బుల్లి కుర్చీలో కూర్చోవాలని చూస్తారు. కారుని చూడగానే "ఎక్కాలి" అన్నది వాళ్లకి ముందు తడుతుంది, అది ఎంత చిన్నదో ఆ క్షణంలో లెక్కలోకి రాదు. మామూలుగా అయితే ఆ సైజు తెలుసుకునే తెలివి వాళ్లకి ఉంది. ఈ పొరపాటు దానంతట అదే పోతుంది. అప్పటిదాకా కారు తలుపు విరగకుండా చూసుకోండి.

ఇద్దరు పిల్లల అమ్మ

అందరికీ చాలా థాంక్స్. నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను, ఎందుకంటే ముందు చేసి చూద్దామనుకున్నాను.

కవలల నాన్నగారూ, మీరు అడిగింది నిజం. ఆ రోజు ఎవరూ చెప్పలేదు. మీరంతా రాసిన మర్నాడు సాయంత్రం మా ఆయన పాప పక్కన నేల మీద కూర్చుని, "నువ్వు పని ఎక్కడుందని అడిగావు, నేను చెప్పలేదు, సారీ" అన్నారు. ఒక కాగితం మీద తను చేయాల్సిన పనులన్నీ రాశారు, మొత్తం 11. వాటిని పాపకి చదివి వినిపించి, ఇదంతా నాన్న గుర్తుపెట్టుకోవాలి, బరువుగా ఉంటుంది, అందుకే నెత్తి మీద ఉందంటారు అన్నారు. పాప ఆ కాగితం తీసుకుని తన నెత్తి మీద పెట్టుకుంది. గదిలో ఆ చివర్నుంచి ఈ చివరిదాకా నడిచింది. "బరువు లేదే" అంది. "నాకు ఇచ్చెయ్ అయితే, నేను మోస్తా." ఆ కాగితం ఇప్పుడు తన బొమ్మల డబ్బాలో ఉంది. ఆయన దాన్ని మళ్ళీ అడగలేదు.

మరిది కూడా సారీ చెప్పి, తన ఫోన్లో ఉన్న వీడియో పాప ముందే తీసేశాడు. అత్తయ్య మొదట "పిల్లలతో ఇంత పట్టింపు ఏంటమ్మా" అన్నారు. అమ్మమ్మగారు ఇక్కడ చెప్పిన, వాళ్లబ్బాయి ఉత్తరం సంగతి చదివి వినిపించాను. ఏమీ మాట్లాడలేదు. ఆ రాత్రి పాపని తనే పక్కలో పడుకోబెట్టుకున్నారు.

"నవ్వవు కదా?" పూర్తిగా పోలేదు. నిన్న మూడుసార్లు అంది, అంతకు ముందు రోజు లెక్కే లేదు. గ్రూపులో పెట్టడం ఆపేశాను. నోట్‌బుక్‌లో ఇప్పుడు తనని అడిగి రాస్తున్నాను. కొన్నిటికి వద్దంటుంది. అలా ఒకటి ఇక్కడ రాయబోయి ఆపేశాను.

ఇది మాత్రం రాయమంది. ఈ పొద్దున చిన్నోడు మళ్ళీ కారు తలుపు తీసి కాలు పెట్టి ఏడుస్తున్నాడు. నేను వెళ్లేలోపే పాప వెళ్లింది. వాడి పక్కన కూర్చుని, వాడి కాలు ఒకచేత్తో, కారు ఇంకోచేత్తో పట్టుకుని, "నీ కాలు పెద్దదిరా. కారు చిన్నది. కారు పెద్దయ్యాక ఎక్కుదువుగాని" అని ఓపిగ్గా చెప్పింది. వాడు ఏడుపు ఆపి తల ఊపాడు. పాప లేచి నా గదిలోకి వచ్చింది, తలుపు దగ్గరికి వేసింది, నా చెవి దగ్గరకి వచ్చి గుసగుసగా అడిగింది.

"అమ్మా, వాడికి చెప్పేశాను. ఇప్పుడు నవ్వచ్చా?"